ఈ తాళం దేనికి కాపలా? డివైస్ డ్రైవర్లలో మ్యూటెక్స్‌ను సమీక్షించే పద్ధతి

రాయ్‌పూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. దాన్ని వేసింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. మధ్య భారతపు సరుకును విశాఖ రేవుకు చేర్చడం ఆ మార్గం ముఖ్యోద్దేశం. రాయ్‌పూర్‌కూ ఉత్తరాంధ్రకూ మధ్య మనుషుల రాకపోకలకూ అదే దారి అయింది. కొండల మధ్య నుంచి సాగే ఆ మార్గాన్ని మొదట ఒంటి లైనుగానే వేశారు. అంటే పోయే రైలుకూ వచ్చే రైలుకూ ఉన్నది ఒకటే పట్టా.

మన దేశంలో ఒంటి లైన్ల మీద రైళ్ళు ఎదురెదురుగా రాకుండా చాలా కాలం కాపాడింది ఒక ఇనుప బంతి. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి, పరుగెత్తే ఇంజన్‌లోకి బెత్తపు వలయం అందించే ఉద్యోగిని చూసినవాళ్ళకు అది గుర్తుండే ఉంటుంది. ఆ వలయానికి ఉన్న తోలు సంచిలో బంతి ఉంటుంది. దాని పేరు టోకెన్. పక్కపక్కనున్న రెండు స్టేషన్లలో ఒక్కో యంత్రం, రెంటినీ కలుపుతూ విద్యుత్ తీగ. అవతలి స్టేషన్ మాస్టర్ సమ్మతిస్తేనే ఇవతలి యంత్రం నుంచి బంతి బయటికొస్తుంది. ఒక బంతి బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాల్లో ఏదీ మరో బంతిని వదలదు. బంతి చేతిలో లేనిదే డ్రైవరు ఆ సెక్షన్‌లోకి బండిని పోనివ్వడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. బంతి మీద చెక్కి ఉండేది రైలు పేరు కాదు, డ్రైవరు పేరూ కాదు. అది ఏ రెండు స్టేషన్ల మధ్యనున్న పట్టాకు చెందినదో ఆ గుర్తులు. డ్రైవరు బంతిని అందుకోగానే ఆ గుర్తులే సరిచూసుకుంటాడు. టోకెన్ కాపాడేది ఫలానా పట్టాను. కంప్యూటర్ లోపల ఇలాంటి పని చేసే మ్యూటెక్స్‌ను అర్థం చేసుకోవడానికి, ముఖ్యంగా ఇంకొకరు రాసిన మ్యూటెక్స్ సరిగా ఉందో లేదో తేల్చడానికి, ఈ సంగతి చాలా అక్కరకొస్తుంది.

మ్యూటెక్స్ అంటే

‘మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్’ అనే మాటను కుదించి మ్యూటెక్స్ అన్నారు. ఒకరు లోపల ఉంటే మరొకరు బయట ఆగాలని దాని భావం. ఈ సమస్యను 1965లో స్పష్టమైన గణిత రూపంలో పెట్టి, ఎన్ని ప్రాసెస్‌లకైనా పనికొచ్చే పరిష్కారం చూపినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ఆయన ప్రవేశపెట్టిన మరో సాధనం పేరు సెమాఫోర్. అది రైల్వే వాళ్ళ మాటే. చెయ్యి పైకెత్తి దించే పాత సిగ్నల్ స్తంభాన్ని సెమాఫోర్ అంటారు. కాబట్టి ఈ పాఠాన్ని రైలు పట్టాల దగ్గర మొదలుపెట్టడం మనం కొత్తగా చేస్తున్నదేమీ కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను కెర్నల్ అంటారు. కీబోర్డు, కెమెరా, సెన్సర్ వంటి ఒక్కో పరికరంతో మాట్లాడే భాష తెలిసిన కెర్నల్ భాగమే డివైస్ డ్రైవర్. మామూలు ప్రోగ్రాంలో తప్పు ఉంటే ఆ ప్రోగ్రాం ఒక్కటే ఆగిపోవచ్చు. డ్రైవర్‌లో తప్పు ఉంటే మొత్తం యంత్రమే బిగుసుకుపోవచ్చు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఏమీ ఆగకుండా తప్పుడు అంకెలు వస్తూ ఉండవచ్చు. పైగా ఇవాళ జేబులో ఉన్న ఫోన్‌లో కూడా నాలుగో ఎనిమిదో కోర్‌లు ఉంటాయి. అంటే ఒకే డ్రైవర్ కోడ్‌ను ఒకే క్షణంలో పలువురు నడిపిస్తూ ఉంటారు.

గోదాములో 67 డిగ్రీలు

ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు కనుక ఉదాహరణ అక్కడిదే ఊహించుకుందాం. రాయ్‌పూర్ పక్కన ఒక ధాన్యం గోదాము. అందులో ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ కొలిచే చిన్న సెన్సర్. దానికి లినక్స్ నడిచే ఓ చిన్న కంప్యూటర్ బోర్డు. సెన్సర్‌తో పని ఇలా సాగుతుంది: ‘ఉష్ణోగ్రత కొలువు’ అనో ‘తేమ కొలువు’ అనో ఆదేశం పంపాలి, కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆగాలి, తరువాత ఫలితం చదవాలి. ఆఖరుగా ఏది కొలవమన్నామో ఆ ఫలితాన్నే సెన్సర్ ఇస్తుంది. వచ్చేది 0 నుంచి 65535 లోపు ఒక ముడి అంకె. దాన్ని డిగ్రీలుగా మార్చడానికి ఒక సూత్రం, తేమ శాతంగా మార్చడానికి ఇంకో సూత్రం ఉంటాయి.

ఎస్‌హెచ్‌టీ21 అనే సెన్సర్ డేటాషీట్‌లోని సూత్రాలనే తీసుకుందాం. ముడి అంకెను 65536తో భాగించి, వచ్చినదాన్ని 175.72తో గుణించి 46.85 తీసేస్తే డిగ్రీల సెల్సియస్. అదే భాగఫలాన్ని 125తో గుణించి 6 తీసేస్తే తేమ శాతం.

ఇప్పుడు గోడ మీది డిస్‌ప్లే ప్రోగ్రాం ఉష్ణోగ్రత అడిగింది. డ్రైవర్ ఆదేశం పంపి నిద్రలోకి జారింది. సరిగ్గా ఆ విరామంలో, గంటగంటకూ లెక్క రాసే మరో ప్రోగ్రాం తేమ అడిగింది. డ్రైవర్ ఆ ఆదేశమూ పంపింది. మొదటి పిలుపు నిద్రలేచి ఫలితం చదివితే దానికి దొరికేది తేమ అంకె. కానీ ఆ పిలుపు దాన్ని ఉష్ణోగ్రత సూత్రంలోనే వేస్తుంది. గోదాములో నిజమైన తేమ 75 శాతం అయితే డిస్‌ప్లే మీద 67 డిగ్రీలు కనబడుతుంది. కాపలాదారు పరుగెత్తుకొస్తాడు, ఏమీ ఉండదు, యంత్రాన్ని తిట్టుకుంటాడు.

తారుమారు రెండో దిక్కున జరిగితే ఎవరూ పరుగెత్తరు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు ఉన్నప్పటి ముడి అంకెను తేమ సూత్రంలో వేస్తే 50 శాతం వస్తుంది. చూడ్డానికి ఎంతో నమ్మదగిన అంకె. అసలు తేమ 75 దాటి ధాన్యానికి బూజు పట్టే పరిస్థితి ఉన్నా లెక్కల పుస్తకంలో 50 నమోదవుతుంది. ఇలా ఎవరు ముందు, ఎవరు వెనక అనే దాన్ని బట్టి ఫలితం మారిపోయే లోపాన్ని రేస్ కండిషన్ అంటారు. పరీక్షించేటప్పుడు మనం ఒక్క ప్రోగ్రామే నడుపుతాం. అందుకే అది అప్పుడు బయటపడదు. రెండు ప్రోగ్రాంలూ ఆ కొద్ది మిల్లీసెకన్లలోనే తగులుకున్న నాడు బయటపడుతుంది.

దీనికి మందు మ్యూటెక్స్. ఆదేశం పంపే ముందు లాక్ తీసుకోవాలి, ఫలితం చదివాక వదలాలి. మధ్యలో వచ్చిన రెండో పిలుపు ఆ లాక్ కోసం నిద్రపోతూ ఆగుతుంది. అయితే సమీక్షకుల ముందుకు తరచూ ఒక వాదన వస్తుంది: సెన్సర్ ఉన్న ఐ2సీ బస్‌కు కెర్నల్‌లో ఎలాగూ లాక్ ఉంది కదా, మళ్ళీ మనదెందుకు అని. బస్ లాక్ ఉన్న మాట నిజమే. కానీ అది కాపాడేది ఒక్కొక్క బదిలీని మాత్రమే. ఆదేశం ఒక బదిలీ, ఫలితం చదవడం ఇంకో బదిలీ. రెంటి మధ్య విరామానికి ఆ లాక్ కాపలా కాదు. పక్క సెక్షన్ టోకెన్ చూపించి ఈ సెక్షన్‌లోకి బండి తోలుతానంటే ఎలా?

మొదటి ప్రశ్న

డ్రైవర్ కోడ్‌లో మ్యూటెక్స్ కనబడగానే సమీక్షకుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ‘లాక్ ఎక్కడ తీసుకున్నారు?’ అని కాదు, ‘ఈ లాక్ దేన్ని కాపాడుతోంది?’ అని. జవాబు ఒక ఫంక్షన్ పేరైతే అనుమానించాలి. ‘ఈ స్ట్రక్చర్‌లోని ఈ మూడు ఫీల్డులను’ అనో, ‘సెన్సర్‌కు ఆదేశం పంపడం నుంచి ఫలితం చదవడం దాకా ఉన్న క్రమాన్ని’ అనో జవాబు వస్తే పని మొదలుపెట్టవచ్చు. అప్పుడు ఆ ఫీల్డులు కోడ్‌లో ఎక్కడెక్కడ కనిపిస్తాయో ఒక్కొక్కటిగా వెతికి, ప్రతి చోటా ఆ లాక్ చేతిలో ఉందో లేదో చూడడమే. ఒక్క చోట తప్పిపోయినా మిగతా అన్ని చోట్లా పెట్టిన లాక్ వృథా. ఊళ్ళో అందరూ టోకెన్ పాటించి, ఒక్క ట్రాలీ మాత్రం అడగకుండా పట్టా ఎక్కినట్టు.

అందుకే మంచి డ్రైవర్లలో మ్యూటెక్స్ ప్రకటించిన చోటే, అది వేటిని కాపాడుతుందో ఒక వాక్యం రాసి ఉంటుంది. ఆ వాక్యం లేకపోతే రాయమని అడగడం సమీక్షలో అతి చవకైన, అతి లాభసాటి పని. రాయబోతే చాలాసార్లు రాసినవారికే అర్థమవుతుంది, తమ దగ్గర జవాబు లేదని.

ఈ ప్రశ్న ఎంత ఖరీదైనదో లినక్స్ చరిత్రే చెబుతుంది. ఒకటికి మించి ప్రాసెసర్లున్న యంత్రాల మీద నడవడానికి 1996లో వచ్చిన లినక్స్ 2.0లో, మొత్తం కెర్నల్‌కూ కలిపి ఒకే పెద్ద తాళం పెట్టారు. బిగ్ కెర్నల్ లాక్ అని దాని పేరు. ఆ రోజుకు అది తెలివైన పనే. తొందరగా నడిచింది. కానీ అది ఫలానా డేటాకు కాపలా అని ఎవరూ చెప్పలేని తాళం. పాత డ్రైవర్లలో దాన్ని ఎందుకు తీసుకున్నారో, తీసేస్తే ఏది విరుగుతుందో తెలియక, ఒక్కో మూల నుంచీ పరిశీలించి తొలగిస్తూ పోవాల్సి వచ్చింది. పూర్తిగా పోయింది 2011లో, 2.6.39 వెర్షన్‌తో. పెట్టడం ఒక్క విడతలో అయిపోయింది, తీయడానికి దాదాపు 15 ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మనం వాడే మ్యూటెక్స్ లినక్స్‌లోకి 2006లో 2.6.16తో వచ్చింది. అప్పటిదాకా ఈ పనికి సెమాఫోర్‌నే వాడేవారు. మ్యూటెక్స్ నియమాలు అంతకన్నా కఠినం: తీసుకున్నవారే వదలాలి, చేతిలో ఉండగా మళ్ళీ తీసుకోకూడదు. ఆ కాఠిన్యం వల్లనే తప్పులను యంత్రం పట్టుకోగలుగుతుంది.

చూడడం ఒకప్పుడు, చేయడం ఇంకొకప్పుడు

లాక్ ఉన్నా సరిపోని సందర్భం ఒకటుంది. దానికి రైల్వే చరిత్రలోనే విషాదకరమైన ఉదాహరణ ఉంది. 1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండ్‌లోని నార్విచ్ దగ్గర, థోర్ప్ అనే చోట, ఒంటి లైను మీద రెండు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొన్నాయి. 25 మంది చనిపోయారు. అవతలి రైలును పంపమని టెలిగ్రాఫ్ సందేశం వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలియకుండా ఇవతలి రైలును వదిలేశారు. తప్పు తెలిసి సందేశాన్ని రద్దు చేయబోయేసరికి, రైలు బయల్దేరిందని జవాబు వచ్చింది. మాట ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఉంది. అయితే ‘లైను ఖాళీయే’ అని తేల్చుకోవడానికీ దాన్ని ఆక్రమించుకోవడానికీ మధ్య ఎడం ఉంది. మనిషి మాటకు బదులు చేతికి అందే వస్తువునే అనుమతిగా మార్చిన ఎడ్వర్డ్ టైయర్ టాబ్లెట్ యంత్రం ఆ ప్రమాదం తరువాత వచ్చింది. మన ఇనుప బంతి ఆ కుటుంబంలోదే.

డ్రైవర్లలో ఈ ఎడం ఇలా కనిపిస్తుంది. లాక్ తీసుకుంటారు, పరికరం ఖాళీగా ఉందా అని చూస్తారు, లాక్ వదిలేస్తారు. తరువాత మళ్ళీ లాక్ తీసుకుని ‘ఖాళీగా ఉంది కదా’ అన్న పాత సమాచారంతో పని మొదలుపెడతారు. ప్రతి డేటా లాక్ కిందే ఉంది, అయినా తప్పే. వదిలిన క్షణం నుంచి మనం చూసిన నిజానికి కాలదోషం పట్టినట్టే. చూడడమూ చేయడమూ ఒకే పట్టులో జరగాలి, లేదా రెండోసారి లాక్ తీసుకున్నాక మళ్ళీ చూడాలి.

బయటికొచ్చే దారులు

దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. లాక్ తీసుకున్నాక మధ్యలో ఏదో పొరపాటు ఎదురై ఫంక్షన్ ముందే తిరిగి వెళ్ళిపోతే, లాక్ వదలడం మరిచిపోతారు. తరువాత వచ్చినవారంతా శాశ్వతంగా నిద్రే. కాబట్టి ప్రతి ‘రిటర్న్’ దగ్గరా వేలు పెట్టి చూడాలి. లినక్స్‌లో 2023 నుంచి, బ్లాక్ ముగియగానే లాక్ తనంతట తానే వదలిపోయే ‘గార్డ్’ పద్ధతి అందుబాటులో ఉంది. కొత్త కోడ్‌లో దాన్ని వాడితే ఈ తరహా తప్పు దాదాపు ఉండదు. ఇంకొకటి: సిగ్నల్ వస్తే నిద్ర లేచే ‘ఇంటరప్టిబుల్’ రకం లాక్ పిలుపు, లాక్ దొరక్కుండానే తిరిగి రావచ్చు. అది ఇచ్చే విలువను పరీక్షించకుండా ముందుకు పోతే టోకెన్ లేకుండా బండి తోలినట్టే.

నిద్రపోకూడని చోట

మ్యూటెక్స్ దొరక్కపోతే అడిగినవారు నిద్రపోతారు. మరి నిద్రపోవడానికి వీల్లేని చోట? పరికరం తన పని అయిందని ప్రాసెసర్‌ను తట్టి చెప్పడాన్ని ఇంటరప్ట్ అంటారు. అది రాగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని అలాగే ఆపి హ్యాండ్లర్ అనే చిన్న ఫంక్షన్‌ను నడుపుతుంది. ఆ హ్యాండ్లర్‌కు నిద్రపోయే హక్కు లేదు, మ్యూటెక్స్ తీసుకునే హక్కూ లేదు. అక్కడ వాడేది స్పిన్‌లాక్: నిద్రపోకుండా, దొరికేదాకా గిరగిరా తిరుగుతూ చూసే లాక్.

దీనితో వచ్చే చిక్కు విచిత్రంగా ఉంటుంది. మామూలు ఫంక్షన్ ఒకటి స్పిన్‌లాక్ తీసుకుంది. అదే ప్రాసెసర్ మీద అదే పరికరం ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ అదే లాక్ అడిగింది. లాక్ చేతిలో ఉన్న ఫంక్షన్, హ్యాండ్లర్ ముగిస్తే గానీ కదలదు. ఆ ఫంక్షన్ కదిలితే గానీ హ్యాండ్లర్‌కు లాక్ దొరకదు. ఆ కోర్ అక్కడే ఆగిపోతుంది. అందుకే హ్యాండ్లర్‌తో పంచుకునే డేటాకు స్పిన్‌లాక్ తీసుకునేటప్పుడు, ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లను ఆపే రకాన్ని వాడతారు. సమీక్షకుడు ఒక కాగితం మీద రెండు గళ్ళు గీసుకుంటే సగం పని అయిపోతుంది: ఒక గడిలో ఆ డేటాను తాకే వాళ్ళు, రెండో గడిలో వాళ్ళు నిద్రపోవచ్చా లేదా అన్నది.

ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు

రెండు లాక్‌లు ఉన్న డ్రైవర్‌లో ఒకరు మొదటిది తీసుకుని రెండోదాని కోసం ఆగితే, మరొకరు రెండోది తీసుకుని మొదటిదాని కోసం ఆగితే, ఇద్దరూ ఎప్పటికీ ఆగినట్టే. దీన్ని డెడ్‌లాక్ అంటారు. అందరూ ఒకే వరుసలో తీసుకోవాలన్న నియమం పెడితే ఈ చిక్కు రాదు. ఆ వరుసను యంత్రమే కాపలా కాసేందుకు 2006లో 2.6.18తో లాక్‌డెప్ అనే సాధనం లినక్స్‌లో చేరింది. అది చేసే పని నిజంగా మెచ్చుకోదగ్గది. డెడ్‌లాక్ జరిగేదాకా ఆగదు. సోమవారం ఒక దారిలో మొదటిది తరువాత రెండోది తీసుకున్నారు, బుధవారం మరో దారిలో తలకిందులుగా తీసుకున్నారు అనుకోండి. మధ్యలో యంత్రాన్ని రీబూట్ చేయకుండా ఉంటే, రెండూ ఎన్నడూ తగులుకోకపోయినా అది హెచ్చరిస్తుంది. అయితే నడవని కోడ్ దారి గురించి దానికేమీ తెలియదు. పొరపాట్లు ఎదురైనప్పటి దారులు చాలా అరుదుగా నడుస్తాయి కాబట్టి అక్కడ మనిషి కన్నే దిక్కు.

మనిషి కన్నుకు కూడా తేలిగ్గా ఆననివి, లాక్ అనే పేరు లేని నిరీక్షణలు. మన గోదాము డ్రైవర్‌లో, నిమిషానికోసారి వెనకాల కొలత తీసే ఒక పని ఉందనుకుందాం. అది మ్యూటెక్స్ తీసుకుని కొలిచి వదిలేస్తుంది. డ్రైవర్‌ను తొలగించే ఫంక్షన్ రాసినవారు జాగ్రత్తపరులు. ముందు మ్యూటెక్స్ తీసుకుని, తరువాత ‘వెనకాల పనిని రద్దు చెయ్యి, నడుస్తూ ఉంటే ముగిసేదాకా ఆగు’ అన్న పిలుపు పెట్టారు. ఆ క్షణానికి వెనకాల పని మొదలై, అదే మ్యూటెక్స్ కోసం ఎదురుచూస్తోంది. వాళ్ళు మన లాక్ కోసం, మనం వాళ్ళ ముగింపు కోసం. కోడ్‌లో కనిపించే లాక్ ఒక్కటే, అయినా డెడ్‌లాక్. ఇంటరప్ట్‌ను తొలగించే పిలుపు కూడా నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగుతుంది. కాబట్టి సమీక్షలో ‘లాక్’ అన్న మాటను మాత్రమే వెతికితే చాలదు, ‘ఆగు’ అనే అర్థమున్న ప్రతి పిలుపునూ వెతకాలి.

ప్రోగ్రాం ఇచ్చిన మెమరీలోకి ఫలితాన్ని నకలు చేసే పిలుపు అలాంటిదే ఇంకొకటి. ఆ మెమరీ పేజీ ఆ సమయానికి అందుబాటులో లేకపోతే కెర్నల్ దాన్ని తెప్పించాలి. ఆ పనిలో మెమరీ నిర్వహణకు చెందిన లాక్‌లు వచ్చిపడతాయి. మీ మ్యూటెక్స్ పట్టుకుని నకలు చేస్తున్నారంటే, మీకు తెలియకుండానే లాక్‌ల వరుసలో మరో మెట్టు చేరుతుంది. గోదాము డ్రైవర్‌లో ఫలితం రెండు బైట్లు. దాన్ని ఒక స్థానిక చరరాశిలోకి తీసుకుని, లాక్ వదిలేసి, తరువాత నకలు చేస్తే సరిపోతుంది.

తాళం ఉన్న ఇల్లే కూలిపోతే

యూఎస్‌బీ పరికరాల్లో చూడవలసింది మరొకటి ఉంది. మ్యూటెక్స్ సాధారణంగా ఆ పరికరానికి చెందిన స్ట్రక్చర్ లోపలే ఉంటుంది. ఎవరో తీగ లాగేస్తే డ్రైవర్ ఆ స్ట్రక్చర్‌ను విడుదల చేస్తుంది. కానీ ఒక ప్రోగ్రాం ఇంకా ఆ పరికరం ఫైలును తెరిచే ఉంచుకుంది. మరుక్షణం అది చదవబోయి, లేని స్ట్రక్చర్‌లోని లేని మ్యూటెక్స్‌ను అడుగుతుంది. ఇలాంటి తప్పు యంత్రాన్ని కూల్చడంతో ఆగదు. విడుదలైన మెమరీని వేరొకరు నింపగలిగితే అది భద్రతకే కన్నం. ఒక వస్తువు ఎంతకాలం బతికి ఉండాలో ఆ వస్తువు లోపల ఉన్న తాళం నిర్ణయించలేదు. దానికి వాడుతున్నవారి సంఖ్యను లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంట్ కావాలి. చివరివారు వదిలాకే విడుదల. లాక్ వదిలే పిలుపు పూర్తిగా తిరిగి వచ్చేదాకా ఆ మెమరీ బతికే ఉండాలన్న సూక్ష్మాన్ని లినక్స్ పత్రాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి. ‘నేను వదిలేశాను, ఇక నువ్వు చెరిపేసుకో’ అన్న తొందర కూడా పనికిరాదు.

అంగారకుడి మీద ఆగిన పని

లాక్ సరైన చోట ఉండి, అందరూ పాటిస్తున్నా, ఎంతసేపు ఆగాల్సి వస్తుందన్న ప్రశ్న మిగులుతుంది. 1997 జులై 4న నాసా మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్ని రోజులకే అందులోని కంప్యూటర్ తనంతట తాను రీసెట్ కావడం మొదలైంది. రీసెట్ అయిన ప్రతిసారీ ఆ రోజు మిగిలిన పనులు మరునాటికి వాయిదా.

ఆ నౌకలో నడిచింది వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. సమాచారాన్ని చేరవేసే పని అతి ముఖ్యమైనది కాబట్టి దానికి పెద్ద ప్రాధాన్యం. వాతావరణ కొలతల పనికి చిన్న ప్రాధాన్యం. ఇద్దరూ పంచుకునే ఒక మ్యూటెక్స్ ఉంది. చిన్న పని దాన్ని పట్టుకుని ఉండగా పెద్ద పని వచ్చి ఆగింది. ఇంతవరకు మామూలే, చిన్న పని క్షణంలో వదిలేసేది. కానీ ఆ మ్యూటెక్స్‌తో ఏ సంబంధమూ లేని మధ్యస్థ ప్రాధాన్యపు పనులు లేచి, తమకన్నా చిన్నదైన వాతావరణ పనిని పక్కకు నెట్టి నడిచాయి. చిన్నది నడవదు, కాబట్టి లాక్ వదలదు, కాబట్టి పెద్దది కదలదు. అతి ముఖ్యమైన పని మధ్యవాళ్ళ వెనక నిలబడిపోయింది. గడువులోగా ఆ పని ముగియలేదని గమనించిన కాపలా వ్యవస్థ మొత్తాన్నీ రీసెట్ చేసింది.

దీన్ని ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. మందు అప్పటికే తెలుసు. లుయి షా, రాగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్‌కీ 1990లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు: పెద్ద పని ఆగి ఉన్నంతసేపూ, లాక్ పట్టుకున్న చిన్న పనికి ఆ పెద్ద ప్రాధాన్యాన్నే అరువివ్వాలి. వీఎక్స్‌వర్క్స్ మ్యూటెక్స్‌లో ఆ సదుపాయం ఉంది, ఈ మ్యూటెక్స్‌కు మాత్రం ఆపి ఉంది. భూమి మీది నకలు యంత్రంలో అదే రీసెట్‌ను మళ్ళీ జరిగేలా చేసి కారణం పట్టుకున్నారు. ఆ సదుపాయాన్ని తెరిచే మార్పును అంగారకుడికి పంపారు. రీసెట్లు ఆగిపోయాయి.

సమీక్షకుడికి ఇందులో రెండు సంగతులు ముఖ్యం. ఒకటి, ఆ మ్యూటెక్స్ నౌక ప్రోగ్రామర్లు రాసుకున్నది కాదు. వాళ్ళు పిలిచిన సిస్టమ్ ఫంక్షన్ లోపల దాగి ఉంది. రెండు, ప్రయోగానికి ముందు పరీక్షల్లోనే అలాంటి రీసెట్ ఒకటి రెండుసార్లు కనిపించింది. మళ్ళీ రప్పించలేకపోవడంతో, దిగే ఘట్టానికి సంబంధించిన పెద్ద పనుల మధ్య అది వెనకబడింది. ‘ఒక్కసారే వచ్చింది, మళ్ళీ రాలేదు’ అన్నది లాక్‌ల విషయంలో ఊరట కాదు, లక్షణం.

ఇంట్లో చేసి చూడవచ్చు

రాయ్‌పూర్ ఎన్‌ఐటీలోనో, నవా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీలోనో, లేక మన ఊరి కాలేజీలోనో చదివే విద్యార్థికి ఇది నేర్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. లినక్స్ కెర్నల్ మొత్తం అందరికీ తెరిచి ఉంది. ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డ్యాక్ వేగా వంటి దేశీయ ప్రాసెసర్ల మీద కూడా లినక్స్ నడుస్తోంది. వాటి బోర్డులకు కలిపే ప్రతి పరికరానికీ డ్రైవర్ ఎవరో ఒకరు రాయాలి, ఇంకెవరో సరిచూడాలి.

కెర్నల్‌లోని హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్‌లో ఇలాంటి ఉష్ణోగ్రత సెన్సర్ల డ్రైవర్లు ఎన్నో ఉన్నాయి. చాలావరకు చిన్నవే. ఒకటి తెరవండి. స్ట్రక్చర్‌లోని ఫీల్డులన్నీ కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కన దాన్ని ఏ లాక్ కాపాడుతుందో రాయండి. మొదట్లో ఒకసారి రాసి తరువాత మార్చని ఫీల్డుకు లాక్ అవసరం లేదు, దాని పక్కన ‘మారదు’ అని రాస్తే చాలు. చివరికి కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. ఆ ఫీల్డులను తాకే ఫంక్షన్లు వెతికి, ఇద్దరు ఒకేసారి లోపలికి రాగలరా అని చూడండి. చేతిలో అసలు సెన్సర్ ఉంటే, ‘ప్రూవ్ లాకింగ్’ సదుపాయం తెరిచి కెర్నల్‌ను మళ్ళీ కట్టి, రెండు టెర్మినళ్ళలో ఒకదాంట్లో ఉష్ణోగ్రతనూ, ఇంకోదాంట్లో తేమనూ ఆగకుండా చదివించండి. ఓ రాత్రంతా నడవనిచ్చి, పొద్దున్నే లెక్కలో 67 డిగ్రీల వంటి అంకె ఎక్కడైనా ఉందేమో వెతకండి.